కత్తెర ఎడమచేతికి మారిన ఏడాది

బి.ఏ. మొదటి ఏడాది ముగించుకుని వేసవి సెలవులకు చెన్నపట్నం నుంచి ఇంటికి వచ్చినప్పుడు నా కుడిచేతికి అయిదు వేళ్లూ ఉన్నాయి. సెలవులు అయిపోయేసరికి మూడు వేళ్లూ, ఒక మొండీ మిగిలాయి. ఆ మధ్య జరిగినదీ, మళ్లీ కాలేజీ బల్ల ముందు కూర్చోవడానికి నాకు పట్టిన ఏడాదీ ఇక్కడ రాస్తున్నాను.

మాది కోవిల్పట్టి నుంచి ఒట్టపిడారం పోయే దావలో ఒక పల్లె. నల్లరేగడి నేల. వాన పడితే పత్తి, సజ్జ, మిరప. పడకపోతే ఆ ఏడాదికి నేల పగుళ్లు చూసుకుంటూ కూర్చోవడమే. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం, గడప దాటితే అరవం. మా తెలుగు నోటితో ఆడేదే గాని రాసేది కాదు. బడిలో నేను నేర్చుకున్న అక్షరాలన్నీ అరవమూ ఇంగ్లీషూను.

మా పల్లెలో బి.ఏ. దాకా పోయింది నేనే. అంతదూరం పోయినవాడు వకీలైనా కావాలి, తాలూకా కచేరీలో కుర్చీ అయినా ఎక్కాలి అని అందరి లెక్క. నేను జువాలజీ తీసుకున్నానని చెప్పినప్పుడు నాయన, "అంటే ఏమిరా?" అన్నాడు.

"జంతువుల చదువు నాయనా. వాటి లోపల ఏముంటుందో, ఎట్ల బతుకుతాయో చదివేది."

"మన కొట్టంలో ఉండేవి చాలలేదా నీకు?" అన్నాడు. కోపంతో అన్నది కాదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. ఆ రోజుల్లో జువాలజీ చదివినా పట్టా బి.ఏ. అనే ఇచ్చేవాళ్లు కాబట్టి, ఊళ్లో అడిగినవాళ్లకు "బి.ఏ. చదవతుండాడు" అని చెప్పి అంతటితో ఆపేసేవాడు.

ఆ ఏడు పత్తి బాగా పండింది. నాయన బండ్లు కట్టించి కోవిల్పట్టిలో గింజ తీసే మిల్లుకు తోలించాడు. సెలవుల్లో ఊరికే ఉన్నాను కదా అని నేనూ వెంట పోయాను. మిల్లులో తోలు చుట్టిన రోలర్లు తిరుగుతుంటాయి. పత్తి అందిస్తే దూదిని అవతలికి లాక్కుని గింజను ఇవతల రాలుస్తాయి. చెవులు దిమ్మెక్కే చప్పుడు, గాలినిండా పీచు. మా పత్తి పడుతున్నచోట నిలబడి చూస్తున్నాను. పత్తితోపాటు ఒక గులాబిరంగు పురుగు రోలరు వైపు జారిపోతూ కనబడింది. కాయలో పుట్టింది, గోతంలో నలగకుండా ఇంతదూరం ప్రాణంతో వచ్చిందే అనుకుని దాన్ని అందుకోవడానికి చెయ్యి చాపాను.

నొప్పి తరువాత తెలిసింది. ముందు తెలిసింది నాయన గొంతు. అంత చప్పుడునూ మించి అరిచాడు.

బెల్టు జార్చి మిషను ఆపారు. చూపుడువేలు పూర్తిగా పోయింది, బొటనవేలు కణుపు దాకా పోయింది. ఎవరో పసుపూ గుడ్డా పెట్టి కట్టు కట్టారు. విరుదునగరంలో పెద్ద డాక్టరు ఉన్నాడనీ, మా అక్క అక్కడే కాపురముందనీ నాయన నన్ను రైలెక్కించాడు. దారిపొడుగునా నా మోచెయ్యిని తన తొడమీద నిలబెట్టి పట్టుకుని, "దించొద్దు, దించొద్దు" అంటూనే ఉన్నాడు. నల్లరేగడి చేలు కిటికీలోంచి వెనక్కి పోతున్నాయి. మగవాళ్ల కంట నీళ్లు చూడకూడదని మా పెద్దవాళ్లు నేర్పారు గనక నేను బయటికే చూస్తూ కూర్చున్నాను.

డాక్టరు చెడిన ఎముకను సరిచేసి కుట్టాడు. నాకు తెలివి వచ్చాక అరవంలో, "చెయ్యి మిగిలింది, తమ్ముడూ. అది చిన్న సంగతి కాదు," అన్నాడు.

"ఈ చేత్తో కత్తెర పట్టుకోగలనా సార్?" అని అడిగాను.

"దర్జీపని చేస్తావా ఏమిటి?"

"జువాలజీ చదువుతున్నాను సార్."

ఆయన కట్టు మరోసారి సరిచేసి పోయాడు.

గాయం పూర్తిగా ఆరకముందే జూలైలో కాలేజీకి పోయాను. మా ప్రొఫెసరు మంచివాడు. మాట మెత్తన, పట్టు గట్టి. ల్యాబులో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కట్టు విప్పమన్నాడు. చూసి, మళ్లీ తానే కట్టాడు.

"చరిత్ర తీసుకో," అన్నాడు. "మొదటి ఏడాది చదివింది పోతుంది, నిజమే. కానీ చరిత్రకు చదవడానికి కళ్లు, రాయడానికి ఏదో ఒక చెయ్యి చాలు. ఇక్కడ ప్రాక్టికల్ పరీక్ష ఉంది. సన్న నరాన్ని కండ నుంచి విడదీయాలి, చూసింది చూసినట్లు బొమ్మ గీయాలి. జాలిపడి మార్కులు వేసే పరీక్ష కాదు ఇది."

"ఎడమచెయ్యి ఉంది సార్."

"ఎడమచేత్తో ఇంతవరకు ఏం చేశావు?"

ఏమీ చెయ్యలేదు. మా ఇళ్లలో ఎడమచేతికి ఉండే పని ఒకటే, అది పదిమందిలో చెప్పుకునేది కాదు.

"ఒక ఏడాది ఆగుతాను సార్. వచ్చే జూలైలో వస్తాను. మీ ఎదురుగా కప్పను కోసి చూపిస్తాను. సరిగా చెయ్యకపోతే మీరు చెప్పినట్లు చరిత్రకు పోతాను."

"సీటు ఉంచుతాను. కానీ మార్కు మాత్రం ఉంచను," అన్నాడు. అదే చాలనుకుని ఆ సాయంత్రం రైలే ఎక్కాను.

పల్లెకు పోతే నాయన నన్ను చేనికి తీసుకుపోతాడు, కాదనలేను. అందుకని విరుదునగరంలో అక్క ఇంట్లో దిగాను. పుండు కడిగించుకోవడానికి డాక్టరు దగ్గరే ఉండాలని చెప్పాను. అది కొంతవరకు నిజమే.

బావది మిరపకాయల మండీ. ముందు వీధిలో అంగడి, దాని వెనుక గిడ్డంగి, దాని వెనుక ఇల్లు. ఇంట్లోకి అడుగుపెట్టినవాళ్లెవరైనా ముందు తుమ్మాలి. ఇంట్లో అక్క, బావ, బావ తల్లి. పిల్లలు లేరు. పెద్దమ్మ అని మేము పిలిచే ఆ అత్తగారు మడి ఆచారం గట్టిగా పట్టే మనిషి. మంచిదే, కానీ ఇల్లంతా ఆమె కంటికింద నడవాలి.

పలకా బలపం తెచ్చుకుని ఎడమచేత్తో గీతలు గీయడం మొదలుపెట్టాను. నిలువు గీత పాములా వంకర పోయేది. గుండ్రంగా గీయబోతే వంకాయ అయ్యేది. కుట్టుపెట్టెలో ఉన్న అక్క కత్తెర తీసుకుని పాతగుడ్డ కోయబోయాను. కత్తెర గుడ్డను తెంచదు, రెండు బద్దల మధ్య మడిచి నములుతుంది. పదును పోయిందేమోనని రాతిమీద నూరాను. అయినా అంతే. కోపం వచ్చి గుడ్డను నేలకు కొట్టాను.

పెరట్లో చిక్కుడుకాయలు ఏరుతున్న అక్క చూసింది. "అత్త ఎక్కడ ఉండాది?" అని అడిగింది.

"గుడికి పోయింది."

వాకిలి వైపు ఒకసారి చూసి, లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. కత్తెరను ఎడమచేతిలోకి తీసుకుని గుడ్డ ఈ చివరనుంచి ఆ చివరకు గీత గీసినట్లు కోసింది.

నేను ఆ గుడ్డముక్కను చేతికి తీసుకుని అంచు చూశాను.

"ఇది కుడిచేతివాళ్ల కోసం చేసిన కత్తెరరా," అంది. "ఎడం చేత్తో ఊరికే నొక్కితే రెండు బద్దలూ ఎడంగా పోతాయి. గుడ్డ సందులో పడి మడతపడుతుంది. బొటనవేలితో బయటికి తొయ్యొద్దు, అరచేతి వైపు లాగు. కింది వేళ్లను బయటికి తొయ్యి. అప్పుడు బద్దలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి."

"నీకెట్ల తెలుసక్కా?"

"నేను పుట్టిందే ఎడంచేతిదాన్ని గదరా."

ఒకే ఇంట్లో పెరిగినా నాకు తెలియదు. అక్క నాకంటే చాలా పెద్దది. నాకు ఊహ తెలిసేసరికే ఆమె అన్నీ కుడిచేత్తో చేసేది. చిన్నప్పుడు మా అవ్వ, నాయన తల్లి, ఆమె ఎడమచేతిని పాతచీర పేలికతో నడుముకు కట్టేసేదట, అన్నం తినేటప్పుడూ ముగ్గు వేసేటప్పుడూ. ఏడ్చి ఏడ్చి కుడిచేతికి అలవాటు పడింది. "కుడిచెయ్యి జనానికి," అంది నవ్వుతూ. "ఎవరూ లేనప్పుడు ఎడంచెయ్యి నాకు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖంలో బాధ ఉంటుందేమోనని చూశాను. లేదు. ఎవరూ దొరకబుచ్చుకోలేని చోట దాచిన వస్తువును తమ్ముడికి చూపించిన సంతోషం ఉంది.

ఆ రోజునుంచి అక్క నాకు పాఠం పెట్టింది. నా డిసెక్షన్ గురించి ఆమెకు తెలియదు. నేను చెప్పాను, తోలు కింద పల్చని పొర ఉంటుంది, దాన్ని చిరగకుండా తీయాలి, దానికింద సన్న నరాలుంటాయి, అవి తెగకూడదు అని. ఆమె విని, "అట్లయితే వంటింట్లో నేర్చుకోవచ్చు," అంది. చిన్న ఉల్లిపాయ చేతిలో పెట్టి, రేకుకూ రేకుకూ మధ్య ఉండే గాజులాంటి పొరను తీయమంది. తాటిముంజె ఇచ్చి, లోపలి నీళ్లు కారకుండా పైతోలు ఊడదీయమంది. ఆవాలలోంచి రాళ్లు ఏరమంది. సూదిలో దారం ఎక్కించమంది. ముంజెలు నేను పాడుచేసినన్ని ఇంకెవరూ పాడుచేసి ఉండరు. నా చొక్కా ముందుభాగం ఎప్పుడూ తడిసే ఉండేది.

"నీ చెయ్యి మొద్దు కాదు," అనేది అక్క. "దానికి ఇంతకాలం ఎవరూ పని చెప్పలేదు, అంతే. తొందరపెట్టొద్దు."

రాత మాత్రం బావ దగ్గర కుదిరింది. గుంటూరు వైపు నుంచి మిరపకాయలు వచ్చేవి గనక బావకు తెలుగు లిపి వచ్చు. "ఎట్లాగూ చెయ్యి కొత్తగా నేర్చుకుంటుండాది, మన అక్షరాలు నేర్పరాదా దానికి?" అని తానే పలకమీద అ ఆలు పెట్టించాడు. మన అక్షరాలు గుండ్రన. ఆ వంపులు తిప్పీ తిప్పీ నా వేళ్లకు పెన్సిలు పట్టు కుదిరింది. కుడిచేత్తో అరవం రాసిన నేను, ఎడమచేత్తో మొదట రాసింది తెలుగు.

చెయ్యి కాస్త తిరిగాక అసలు పని మొదలుపెట్టాలనుకున్నాను. కిరసనాయిలు డబ్బా మూత అడుగున మైనం కరిగించి పోసి పళ్లెం చేశాను. జంతువు కావాలి. గిడ్డంగిలో ఎలుకలకు కొదవా? బావ బోనులు పెట్టించేవాడు. పొద్దున పడినవాటిని ఊరిబయట పారేసేవాళ్లు.

"నాకివ్వండి బావా," అన్నాను.

"కోసి ఏం చేస్తావు?"

"లోపల ఉన్నదంతా విడివిడిగా తీసి బొమ్మ గీస్తాను."

బావకు ఎలుకలంటే పగ. మిరపగోతాలు కొరికి పాడుచేస్తాయి. "బాగా కొయ్యి," అన్నాడు ఉత్సాహంగా. డాక్టరును అడిగితే చిన్న సీసాలో క్లోరోఫారం ఇచ్చాడు. మూడు వేళ్ల కుడిచేత్తో పట్టుకారు పట్టుకోవడానికి కూడా ఒక దారి కనిపెట్టాను. బొటనవేలి మొండికీ నడిమివేలికీ మధ్య అది నిలిచేది, జారకుండా పట్టుకునే చోట దారం చుట్టాను.

మొదటి ఎలుక నాశనమైంది. గుండె ఎక్కడో, కాలేయం ఎక్కడో తెలియకుండా చేశాను. తరువాతిదీ అంతే. పెరటి గోడ పక్కన కూర్చుని కోసినవన్నీ గుంటలో పూడ్చేవాడిని. పెద్దమ్మకు తెలియకుండా ఉండదు గదా. ముక్కు మూసుకుని, "చదువంటే పుస్తకం ఉండాలి గాని ఇదేం చదువురా నాయనా," అని స్నానానికి పోయేది. కొడుకు ఒప్పుకున్నాడు గనక అంతకుమించి అనలేదు.

అసలు గొడవ వేరేచోట వచ్చింది. ఒకరోజు నాకు సన్న కత్తెర మలుపు దగ్గర పట్టు తప్పుతోంది. అక్క వంగి, తన ఎడమచేత్తో కాగితం మీద గుండ్రంగా కోసి చూపిస్తోంది. పెద్దమ్మ ఎప్పుడు వచ్చి వెనుక నిలబడిందో ఇద్దరమూ చూడలేదు.

"ఇది నేర్చుకున్న చెయ్యి కాదు," అంది పెద్దమ్మ. "పుట్టుకతో వచ్చిన చెయ్యి. ఎడంచేతిదాన్ని మా ఇంటికి కట్టిపెట్టి, మీ వాళ్లు ఒక్కమాట చెప్పలేదు."

నేను లేచి నిలబడ్డాను. నావల్ల వచ్చిన మాట గనక నేనే ఏదో చెప్పబోయాను. అక్క చేత్తో ఆపింది. ఎడమచేత్తోనే.

"అత్తా, నేను ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి కూరగాయలు ఈ చేత్తోనే కోస్తుండాను. మీరు తినింది, ఆయన తినింది, పండగకు వచ్చిన చుట్టాలు తినింది అదే. ఎవరికైనా ఏమన్నా అయిందా?"

"మాటకు మాట చెప్తుండావా?"

"అడిగినందుకు చెప్పినాను. దాచింది చాలు."

ఆనాటినుంచి పెద్దమ్మ వేరే పొయ్యి పెట్టుకుంది. తన కుండలో తానే వండుకుని, పెరటివైపు గోడకు తిరిగి కూర్చుని తినేది. బావ ఇద్దరి మధ్య నలిగి, అంగడిలోనే ఎక్కువసేపు కూర్చున్నాడు. ఇల్లు చల్లబడాలంటే నేను పోవాలనిపించింది. మూట కట్టుకుంటుంటే అక్క వచ్చి మూట విప్పింది.

"నువ్వు ఇప్పుడు పోతే మనం ఏదో చెయ్యరాని పని చేసినట్లు ఉంటుంది. ఉండు. ఎలుకను తీసుకొచ్చి కొయ్యి."

ఉన్నాను. కోశాను. అక్క కూరగాయల ముందు కూర్చుని, వాకిలి తెరిచి ఉండగానే, ఎడమచేత్తో కోసింది. పెద్దమ్మ పొయ్యి ఎన్నాళ్లు నడిచిందో నాకు జ్ఞాపకం లేదు. ఒకరోజు బావ చుట్టాలు బిలబిలమంటూ దిగారు, ఇంటినిండా వంట. పెద్దమ్మ తానే వచ్చి అక్క పక్కన పీట వేసుకుని కొబ్బరి తురమడం మొదలుపెట్టింది. ఆ రోజు అందరితోపాటే తినింది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. తరువాత కూడా ఆమె అక్క చెయ్యిని చూసి ముఖం చిట్లించేది, కానీ వేరే కుండ మాత్రం మళ్లీ పొయ్యి ఎక్కలేదు.

ఎలుక చేతికి లొంగింది గాని ప్రొఫెసరుకు చూపించాల్సింది కప్ప. కప్పలు కావాలంటే వాన కావాలి. అక్టోబరులో ఐప్పసి నెల వానలు మొదలవుతూనే పల్లెకు వచ్చేశాను.

మా నల్లరేగడిలో మొదటి పెద్దవాన పడ్డాక చూడాలి. నేల అంతవరకు ఎక్కడ దాచుకుందో, చెరువు చుట్టూ కప్పలే. ఊరంతా ఆ అరుపే. అదే సమయానికి విత్తనం పని. నాయన నన్ను చేనికి పిలిచాడు. గొర్రు వెనక నడుస్తూ, తడినేల కాళ్లకు అంటుకుంటుంటే ఆగి, మనసులో మాట బయటపెట్టాడు.

"నిన్ను ఆ మిల్లుకు తీసుకుపోయింది నేను. ఆ మాట నాకు పోదు. నువ్వు కూలికి పోవద్దు, కాయకష్టం వద్దు. ఊరికే గట్టుమీద నిలబడి చూసుకో చాలు. ఈ నేల నీదే. దీనికి ఆ మూడు వేళ్లు చాలు."

"నువ్వు చెయ్యి చాపమనలేదు నాయనా. నేను చాపినాను."

"అది సరే. ఇంక ఆ చదువు ఏంటికి? వాళ్లే వద్దన్నారంట గదా."

"వద్దనలేదు. చేసి చూపించమన్నారు."

నాయన ఎద్దులను అదిలించి ముందుకు పోయాడు.

కొట్టంలో ఒక మూల, వెలుతురు పడేచోట నా మైనపు పళ్లెం పెట్టుకున్నాను. మత్తు ఇచ్చిన కప్పను వెల్లకిలా పరిచి నాలుగు కాళ్లకూ గుండుసూదులు గుచ్చి, తోలు తీసి, కండ కోసి, రొమ్ము ఎముకను పక్కకు తీశాను. ఎడమచెయ్యి నేను చెప్పినచోట ఆగింది. అంతకుముందెప్పుడూ అట్లా ఆగలేదు. గుండెమీది పొరను ముంజెతోలు తీసినట్లే తీశాను, చిరగలేదు.

వెనకనుంచి నాయన గొంతు వినబడింది. "అది గుండెనా?"

"అవును."

"ఇంకా కొట్టుకుంటుండాదే!"

"చాలాసేపు కొట్టుకుంటుంది నాయనా. మత్తులో ఉండాది, దానికి నొప్పి తెలియదు."

చేతిలో తాడు అట్లాగే పట్టుకుని వంగి చూశాడు. రక్తం పైగదుల్లోకి రావడం, కింది గదిలోంచి పోవడం చూపించాను. పైగదులు బిగుసుకున్నప్పుడు కింది గది ఎర్రగా నిండేది, కింది గది బిగుసుకుని తెల్లబడేది. ఎద్దులకు నీళ్లు పెట్టాల్సిన వేళ దాటుతున్నా ఆయన కదల్లేదు. చివరకు, "మనదీ ఇట్లనే ఉంటుందా?" అన్నాడు.

"మనకు కింద రెండు గదులు. దీనికి ఒకటే."

"ఆహా," అని తల ఊపి పోయాడు. మరునాడు పొద్దున మిరపకాయల బుట్టలో తడిగుడ్డ కప్పి కప్పలు తెచ్చి నా పళ్లెం పక్కన పెట్టాడు. "పెద్దవి చూసి పట్టించినాను. చిన్నవాటిలో నీకు కనబడవేమో," అన్నాడు. చదువు మానమన్న మాట ఆ తరువాత ఆయన నోటివెంట రాలేదు. అవ్వ ఒక్కతే నా చెయ్యి చూసి కన్నీళ్లు పెట్టుకునేది. "చదువుకు కానీరా. అన్నానికి మాత్రం ఆ ఎడంచెయ్యి వద్దు," అని మాట తీసుకుంది. మూడు వేళ్లతో సంగటి ముద్ద చెయ్యడం ఏమంత కష్టం కాదు గనక ఒప్పుకున్నాను.

వానలు ఆగి చెరువు ఇంకేదాకా కప్పలను కోశాను. మెడపక్కన దవడ కింద రెండు నరాలు సన్నగా దిగుతాయి. వాటిని తెగకుండా చివరిదాకా బయటపెట్టడం కష్టం. అదే మళ్లీ మళ్లీ చేశాను. ఎన్నోసార్లు తెగింది. తెగినప్పుడు ఇంకో కప్ప. కప్పలు కరువైనాక తొండలు, బొద్దింకలు, మళ్లీ విరుదునగరం, మళ్లీ బావగారి ఎలుకలు.

జూలైలో కాలేజీకి పోయాను. ప్రొఫెసరు నన్ను చూసి, "వచ్చావా?" అన్నాడు. రానని అనుకున్నాడని ఆ గొంతులోనే తెలిసింది. కప్పను తెప్పించి నా ముందు పెట్టించాడు. "మెడ నరాలు," అన్నాడు.

నేను పని మొదలుపెట్టాను. ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. చెమట కళ్లలో పడుతుంటే భుజంతో తుడుచుకున్నాను. రెండు నరాలూ తెల్లదారాల్లా బయటికొచ్చాయి. వాటికింద నల్లకాగితం దోపి, బొమ్మ గీసి ఇచ్చాను. భోజనం వేళ ఎప్పుడో దాటిపోయింది. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

భూతద్దం పెట్టి చూశాడు. "శుభ్రంగా ఉంది," అన్నాడు. "కానీ పరీక్షలో ఇందులో సగం టైము ఇస్తారు."

"తెలుసు సార్. మార్చికల్లా సగానికి తెస్తాను."

"ఎట్లా తెస్తావు?"

"ఇంతవరకు ఎట్లా వచ్చానో అట్లాగే సార్."

నా పేరు రిజిస్టరులో ఎక్కించుకున్నాడు. నేను ల్యాబులో ఎక్కువసేపు ఉండడానికి అటెండరుకు చెప్పాడు. అంతకంటే వేరే దయ చూపలేదు, నేనూ కోరలేదు. ఆ ఏడాది సొరచేప తల చేతికి వచ్చినప్పుడు మొదట్లో మళ్లీ మొదటి ఎలుకలాగే అయింది. ఉప్పుచేప వాసన బట్టలకు పట్టి హాస్టల్లో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. ఒంటరిగా తినడం మంచిదే, తొందరగా తిని ల్యాబుకు పోవచ్చు అనుకున్నాను.

పరీక్షనాడు బయటినుంచి వచ్చిన పరీక్షకుడు బల్లల మధ్య తిరుగుతూ నా దగ్గర ఆగాడు. నా కుడిచెయ్యిని చూసి, "సాయం కావాలా?" అని అడిగాడు. "వద్దు సార్," అన్నాను. నాకు వచ్చింది సొరచేప నరాలే. చివరిలో గంట కొడతారన్న తొందరలో ఒక చిన్న కొమ్మ తెగిపోయింది. తెగినచోటును తెగినట్లే బొమ్మలో గీసి, పక్కన "ఇక్కడ తెగింది" అని రాశాను. ఆయన వచ్చి బొమ్మనూ పళ్లేన్నీ మార్చి మార్చి చూసి, మార్కు వేసుకుని పోయాడు.

ఫలితాలు వచ్చిన పేపరు విరుదునగరంలో బావ మండీకి ముందుగా చేరింది. నా నంబరు రెండో తరగతిలో ఉంది. బావ ఆ పేపరు పట్టుకుని మా పల్లెకే వచ్చాడు, అక్కనూ వెంటబెట్టుకుని. నాయనను చేనిలోంచి పిలిపించారు. ఆయన వస్తూనే నంబరు వేలితో చూపించమన్నాడు. చదవడం రాదు గనక ఆ అంకెలమీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. "ఇది వీడేనా?" అని బావను రెండుసార్లు అడిగాడు. అక్క నవ్వుతూ లోపలికి పోయి అవ్వ పక్కన కూర్చుంది.

ఆ ఏడే ఒక హైస్కూలులో సైన్సు మాస్టరుగా చేరాను. చేరిననాడు చూస్తే అక్కడ సైన్సు గది లేదు, బల్ల లేదు, పుస్తకాలు మాత్రం అలమారా నిండా ఉన్నాయి. హెడ్మాస్టరును బల్ల అడిగాను. "పుస్తకంలో బొమ్మలున్నాయి గదా, అవి చూపించండి," అన్నాడు. మరునాడు మళ్లీ అడిగాను. కమిటీకి చెప్పాలి అన్నాడు. కమిటీవాళ్ల ఇళ్లకు ఒక్కొక్కరి దగ్గరికీ పోయి అడిగాను. ఒకాయన నన్ను చూడగానే వాకిట్లోనే "బల్ల గురించేనా?" అనేవాడు. అవునండీ అనేవాడిని. విసుగెత్తిందో, మనసు కరిగిందో, అరపరీక్షలకు ముందు వేపచెక్కతో పొడవాటి బల్ల ఒకటి చేయించి పంపారు. ఒక కాలు కాస్త పొట్టిగా ఉండి ఊగేది. కింద ఇటుకముక్క పెట్టి, పాఠం మొదలుపెట్టాను.